ఆకాశాన్ని ఫొటో తీద్దాం – 3వ పాఠం: ముందు మౌంట్, ఆ తర్వాతే టెలిస్కోప్

పోయిన పాఠంలో కెమెరాని మామూలు ట్రైపాడ్ మీద పెట్టి, 50 మి.మీ. లెన్స్‌తో మృగశిర వైపు 5 సెకన్లు, 10 సెకన్లు, 20 సెకన్లు ఎక్స్‌పోజర్లు ఇచ్చి చూడమన్నాను. చూసినవాళ్లకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది, ఎక్స్‌పోజర్ పెరిగేకొద్దీ నక్షత్రాలు చుక్కల్లా ఉండకుండా గీతలైపోతాయి. ఈ పాఠమంతా ఆ గీతల గురించే. టెలిస్కోప్ కోసం డబ్బు దాచుకుని, కార్ట్‌లో కూడా పెట్టేసి ఉన్నవాళ్లు ఇది చదివేదాకా ఆగండి.

భూమి తన చుట్టూ తాను తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన ఆకాశం మనకి సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. డిగ్రీని 3600 భాగాలు చేస్తే అందులో ఒక్కటి ఆర్క్‌సెకన్. చందమామ వెడల్పు దాదాపు 1800 ఆర్క్‌సెకన్లు. ఇప్పుడు మీ కెమెరాలో ఒక్కో పిక్సెల్‌కి ఎంత ఆకాశం పడుతుందో తెలియాలి. పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీదా టెలిస్కోప్ మీదా రాసి ఉండే మి.మీ. అంకె) మిల్లీమీటర్లతో భాగించండి, అంతే. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్ ఉండే రకం) కెమెరాల్లో పిక్సెల్ సుమారు 3.7 మైక్రాన్లు ఉంటుంది. 50 మి.మీ. లెన్స్ అయితే పిక్సెల్‌కి 15 ఆర్క్‌సెకన్లు, అంటే నక్షత్రం సెకనుకి ఒక పిక్సెల్ జరుగుతుంది. అదే కెమెరాని 1000 మి.మీ. టెలిస్కోప్‌కి తగిలిస్తే పిక్సెల్‌కి 0.76 ఆర్క్‌సెకన్లు. సెకనులో ఇరవై పిక్సెళ్లు! నెబ్యులా, అంటే ఆకాశంలోని వాయు ధూళి మేఘం, కోసం మనం ఇవ్వబోయే ఎక్స్‌పోజర్ ఒక సెకను కాదు, ఒకటి రెండు నిమిషాలు. అంతసేపూ ఆకాశంతో పాటు కెమెరాని తిప్పాల్సింది మౌంట్, అంటే టెలిస్కోప్‌నో కెమెరానో మోస్తూ తిప్పే స్టాండ్. ఆ మౌంట్ సరిగ్గా లేకపోతే పైన ఎంత మంచి అద్దం పెట్టినా దండగే. అందుకే నా సలహా: బడ్జెట్‌లో సగానికి పైగా మౌంట్‌కి కేటాయించండి, మిగిలినదాంట్లో ఏ టెలిస్కోప్ వస్తే అది చాలు.

'ఇన్ని వందల రెట్లు పెద్దగా చూపిస్తుంది' అని అట్ట మీద రాసి అమ్మే టెలిస్కోప్‌ల జోలికి అసలు పోవద్దు. మనకి పెద్దగా చూపించడం అవసరం లేదు కూడా. ఆండ్రోమెడా గెలాక్సీ ఆకాశంలో దాదాపు 3 డిగ్రీల పొడవు, అంటే ఆరు చందమామలు పక్కపక్కన పెట్టినంత. కృత్తికలు రెండు డిగ్రీల దాకా ఉంటాయి. 1000 మి.మీ. దగ్గర ఏపీఎస్-సీ సెన్సార్‌కి కనిపించే ఆకాశం అటు 1.3 డిగ్రీలు, ఇటు 0.85 డిగ్రీలు మాత్రమే, అందులో ఆండ్రోమెడా సగం కూడా పట్టదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పొట్టి గొట్టం, 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ రకాల్లో ఇంకో మెలిక ఉంది. గొట్టం అరమీటరే ఉండి ఫోకల్ లెంగ్త్ మీటరు అని రాశారంటే, ఫోకసర్ (ఫోకస్ సరిచేసే భాగం) లోపల ఒక లెన్స్ పెట్టి లాగుతున్నారన్నమాట. చవక రకాల్లో ఆ లెన్స్ బొమ్మని మెత్తబరుస్తుంది.

సరే, మౌంట్‌లు. పైకీ కిందికీ, పక్కలకీ తిరిగేవి ఆల్ట్-అజిమత్ రకం. డాబ్సోనియన్లు, అంటే నేల మీద తిరిగే పెట్టెలో కూర్చోబెట్టిన అద్దం టెలిస్కోప్‌లు, కూడా ఇవే. కంటితో చూడ్డానికి ఇచ్చిన డబ్బుకి డాబ్సోనియన్‌ని మించింది లేదు, చందమామకీ గురుగ్రహానికీ ఫోన్ తగిలించి వీడియో తీసుకోవచ్చు, పిల్లలున్న ఇంట్లో అదే కొనండి అంటాను. కానీ లాంగ్ ఎక్స్‌పోజర్‌కి పనికిరాదు. మోటార్లతో తనంతట తాను నక్షత్రాన్ని వెంబడించే ఆల్ట్-అజిమత్ అయినా సరే, నక్షత్రాన్ని మధ్యలో పట్టుకుంటుంది గానీ దాని చుట్టూ ఉన్న ఫ్రేమ్ మెల్లగా తిరిగిపోతుంది, అంచుల్లో గీతలు వస్తాయి.

మనకి కావాల్సింది ఈక్వటోరియల్ మౌంట్. దీని ఒక ఇరుసుని భూమి ఇరుసుకి సమాంతరంగా, అంటే ధ్రువ నక్షత్రం వైపు పెడతాం, ఇక ఆ ఒక్క ఇరుసు తిరిగితే చాలు. ఎంత వంపు పెట్టాలి అంటే మీ ఊరి అక్షాంశం ఎంతో అంత: హైదరాబాద్‌లో 17.4 డిగ్రీలు, విజయవాడలో 16.5, విశాఖలో 17.7, తిరుపతిలో 13.6. ఇక్కడే మనవాళ్లకి అసలు తిప్పలు. యూట్యూబ్‌లో నేర్పేవాళ్లలో ఎక్కువమంది ధ్రువ నక్షత్రం 40, 50 డిగ్రీల ఎత్తులో ఉండే దేశాలవాళ్లు, వాళ్ల మౌంట్‌లూ ఆ ఎత్తుల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవే. మనకి ధ్రువ నక్షత్రం పక్కింటి వాటర్ ట్యాంక్ వెనక, మసకలో ఉంటుంది. కొన్ని మౌంట్‌లు అంత కిందికి వంగవు, వంగినా టెలిస్కోప్‌కి సరితూగేలా అవతలి వైపు బరువు తగిలించే రాడ్డు వెళ్లి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కాబట్టి కొనేముందు 'కనిష్ఠ అక్షాంశం ఎంత' అని తప్పకుండా అడగండి. ఇది మనలాంటి చిన్నవాళ్ల సమస్య మాత్రమే కాదు, తమిళనాడు కావలూరులో 12.6 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్న 2.3 మీటర్ల వేణు బాప్పు టెలిస్కోప్‌కి గుర్రపునాడా ఆకారపు మౌంట్ ఎంచుకోవడానికి ఇలాంటి తక్కువ అక్షాంశాలకి అది బాగా సరిపోవడం ఒక కారణం.

డబ్బు అసలే లేదు అనుకునేవాళ్లకి బార్న్ డోర్ ట్రాకర్ ఉంది. 1970ల్లో స్కాట్లాండ్‌కి చెందిన జార్జ్ హేగ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. రెండు చెక్క పలకలు, ఒక తలుపు బందు, హార్డ్‌వేర్ షాపులో దొరికే 6 మి.మీ. థ్రెడ్ రాడ్. ఆ రాడ్డుకి ఒక చుట్టుకి 1 మి.మీ. మర ఉంటుంది కాబట్టి, బందు ఇరుసు నుంచి సరిగ్గా 228.5 మి.మీ. దూరంలో రాడ్డు బిగించి, నిమిషానికి ఒక చుట్టు తిప్పితే పై పలక ఆకాశం వేగంతో లేస్తుంది. చేత్తో తిప్పేటట్టయితే వాచీలో సెకన్ల ముల్లుతో పాటు ఆగకుండా తిప్పాలి, లేదంటే నిమిషానికి ఒక చుట్టు తిరిగే చిన్న గేర్ మోటార్ పెట్టుకోండి. రాడ్డు తిన్నగా ఉంటుంది గనక అయిదారు నిమిషాల తర్వాత లెక్క తప్పడం మొదలవుతుంది. 24 నుంచి 50 మి.మీ. లెన్స్‌లకి ఇది బాగానే పనిచేస్తుంది. దీంతో పాలపుంత తీసి చూపిస్తే జనం నమ్మరు.

దాని పైమెట్టు స్టార్ ట్రాకర్, అంటే కెమెరాని ఆకాశంతో పాటు తిప్పే చిన్న మోటార్ మౌంట్, స్కై-వాచర్ స్టార్ అడ్వెంచరర్ లాంటిది. నా లెక్కలో చాలామంది ఆగాల్సింది ఇక్కడే. 5 కిలోలు మోస్తుందని రాస్తారు, కానీ ఫొటోలకి అందులో సగమే అనుకోండి. లోపల 144 పళ్ల చక్రాన్ని ఒక వార్మ్ (మర ఉన్న స్క్రూ లాంటి గేర్) తిప్పుతుంది, ఆ వార్మ్ ఒక చుట్టు తిరగడానికి దాదాపు పది నిమిషాలు. ఏ గేరూ నూటికి నూరుపాళ్లు గుండ్రంగా ఉండదు కాబట్టి ఆ పది నిమిషాల్లో నక్షత్రం కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. 135 మి.మీ. లెన్స్‌తో ఆ ఊపు దాదాపు కనపడదు. 400 మి.మీ. దాటితే తీసిన ఫ్రేముల్లో చాలావాటిని పారేయాల్సి వస్తుంది, లేదా పక్కన చిన్న గైడ్ స్కోప్, గైడ్ కెమెరా పెట్టి, ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్‌ని సరిదిద్దే పీహెచ్‌డీ2 అనే సాఫ్ట్‌వేర్‌తో సరిచేయించాలి. అది ఉచితమే, మిగతావి కాదు. పాత మాన్యువల్ 135 మి.మీ. లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అడాప్టర్ వేసి దీని మీద పెట్టండి, మొదటి ఏడాదికి అదే మీ టెలిస్కోప్.

నిజంగా టెలిస్కోపే కావాలంటే 60 నుంచి 72 మి.మీ. వెడల్పున్న ఈడీ రిఫ్రాక్టర్ (రంగులు చెదరకుండా ప్రత్యేకమైన గాజు వాడిన లెన్స్ టెలిస్కోప్), ఫోకల్ లెంగ్త్ 350–430 మి.మీ. మధ్య. ఈడీ గాజు లేని మామూలు అక్రోమాట్‌లో ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ ఊదారంగు వలయం వస్తుంది. అంచుల్లో నక్షత్రాలు సాగకుండా ఫీల్డ్ ఫ్లాటనర్ కూడా కావాలి, ఆ ఖర్చుని ముందే కలుపుకోండి. ఫోకసర్ ప్లాస్టిక్‌ది అయితే కెమెరా బరువుకి జారిపోతుంది, అలాంటిది వద్దే వద్దు. 130 మి.మీ. ఎఫ్/5 (ఫోకల్ లెంగ్త్ వెడల్పుకి అయిదింతలు) న్యూటోనియన్, అంటే అద్దాల టెలిస్కోప్, చవక, వెలుగు బాగా పడుతుంది, నేను కాదనను. కానీ గొట్టం గాలికి తెరచాపలా ఊగుతుంది, అద్దాలు తరచూ సరిచేసుకోవాలి, పైగా 650 మి.మీ. కాబట్టి హెచ్‌ఈక్యూ5 లాంటి బరువైన ఈక్వటోరియల్ మౌంట్ అడుగుతుంది. అక్కడికి మిగిల్చిన డబ్బు అటు పోతుంది.

ఈ వారం పని: ఇంట్లో వంటింటి కాటా ఉంటే మీ కెమెరా, లెన్స్, అడాప్టర్, బాల్ హెడ్, వైర్లతో సహా అన్నీ కలిపి తూచండి. దాన్ని రెండింతలు చేస్తే వచ్చేదే మీ మౌంట్ మోయాల్సిన బరువు. తర్వాత ఒక రాత్రి మేడ ఎక్కి మీకు ధ్రువ నక్షత్రం కనపడుతుందో లేదో చూసి రండి. కనపడితే వచ్చే పాఠం మీకు తేలిక. ఉత్తరం వైపు గోడ అడ్డం ఉన్నవాళ్లకి నక్షత్రాల జారుడుని బట్టి మౌంట్‌ని సరిచేసే డ్రిఫ్ట్ పద్ధతి కూడా అందులోనే చెబుతాను, దానికి తూర్పూ దక్షిణమూ తెరుచుకుని ఉంటే చాలు.