తుపాను తర్వాత పాత ఫైబర్ బోటు కొంటున్నారా: లోపం కనిపెట్టడం, బాగుచేయడం

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలివాన వెళ్ళాక ఇసకపల్లి నుంచి కొత్తపట్నం దాకా అమ్మకానికి వచ్చే పాత బోట్లు రెండు రకాలు. యజమాని వేట మానుకుని అమ్మేవి ఒకటి. తుపానులో దెబ్బతిని, పైపైన మెత్తించి, కొత్త రంగు పూసుకుని వచ్చేవి రెండోది. ఒడ్డున పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా మెరుస్తాయి. ఉన్న బోటు పోగొట్టుకుని, వేట లేక, వడ్డీలు పెరుగుతున్న మనిషికి తొందర ఉంటుంది. ఆ తొందరకే రంగు వేస్తారు. కాబట్టి కింద చెప్పిన పరీక్షలు అయ్యేదాకా బయానా ఇవ్వకండి.

ఇంకో మాట ముందే. పోయిన బోటు రిజిస్ట్రేషన్ కాగితం, ఇంజిన్ నంబరు, ముక్కలు దొరికితే వాటి ఫొటోలు జాగ్రత్తగా దాచండి. మత్స్యశాఖ వాళ్ళు నష్టం రాసుకుని పంచనామా పూర్తి చేసేదాకా ఆ ముక్కల్ని పాత సామాను వాళ్ళకి అమ్మొద్దు.

బోటు కొత్తగా మెరుస్తోంది, ధర మాత్రం తక్కువ

రంగు కింద మాసిక ఉందని అనుమానించాలి. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, బోటు ముక్కు దగ్గర కూర్చుని పక్కను పొడవునా చూడండి. మాసిక ఉన్న చోట వెలుగు అల తిరిగినట్టు వంగుతుంది. తర్వాత ఐదు రూపాయల బిళ్ళ అంచుతో అడుగుభాగమంతా జానెడు జానెడు కొడుతూ వెళ్ళండి. గట్టి ఫైబర్ టంగుమని తేటగా పలుకుతుంది. పొరలు విడిపోయిన చోట బిళ్ళ కింద మోత మునిగిపోయి, అట్టపెట్టె మీద కొట్టినట్టు డొల్లగా వస్తుంది. అలా పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. పని పూర్తయ్యాక దూరంగా నిలబడి గీతల్ని చూడండి. అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే బాగుచేయొచ్చు. కీల్ (బోటు అడుగున పొడవునా ఉండే వెన్ను) పక్కన వరసగా మూరెడుకి మించి సాగితే ఆ బోటు అలల్లో ఇసుక మీద బాదుకుందని అర్థం. దాన్ని వదిలేయండి.

పగుళ్ళు ఎలా పుట్టాయో వాటి ఆకారమే చెబుతుంది. ఒక చుక్క నుంచి నక్షత్రంలా చీలితే ఏదో తగిలిన దెబ్బ: లంగరు, రాయి, పక్క బోటు. లోపల అడ్డపట్టీ ఉన్న చోట బయట సన్నటి గీతలు పక్కపక్కన బారుగా ఉంటే బోటు అలమీద వంగుతోంది, పట్టీ ఊడింది. మొదటిది పైపొర పని. రెండోదానికి పట్టీని మళ్ళీ అతికించకుండా బయట ఎంత పుట్టీ పూసినా నెలలో తిరిగి చీలుతుంది.

లోపల నీళ్ళు చేరుతున్నాయి

అమ్మేవాళ్ళు "అలల చిమ్ములే" అంటారు. తేల్చడానికి నీళ్ళు బయటనుంచి కాక లోపలనుంచి పోయండి. బోటు కింద ఇసుక బస్తాలు సమంగా దన్ను పెట్టి, లోపల నాలుగు అంగుళాల ఎత్తు మంచినీళ్ళు నింపండి. ఇరవై అడుగుల పొడవు, నాలుగు అడుగుల అడుగు వెడల్పు ఉంటే అది సుమారు 750 లీటర్లు, అంటే ముప్పావు టన్ను. అందుకే దన్ను లేకుండా నింపితే బాగున్న అడుగు కూడా పగులుతుంది. గంటసేపు ఆగి బయట పొడిగుడ్డతో తుడుస్తూ చూడండి. తడి ఎక్కడ మళ్ళీ ఊరితే కన్నం అక్కడే.

మన తీరంలో బోటును రోజూ ట్రాక్టరుతో ఇసుక మీద లాగుతారు. అందుకే నీరు ఎక్కువగా కీల్ అడుగు అరిగిన చోటా, వెనుక బోల్టుల చుట్టూ వస్తుంది. కీల్ అరుగుదలకి బోటును పక్కకి ఒరిగించి, ఫైబర్ నారలు బయటపడ్డాయేమో వేలితో తడమండి. నారలు గుచ్చుకుంటే అక్కడ రెసిన్ (నారల్ని పట్టి ఉంచే జిగురు) పోయి నీరు పీల్చుకుంటోంది.

బాగుచేసే తీరు ఇది. పగులు చుట్టూ ఫైబర్‌ను గ్రైండర్‌తో ఏటవాలుగా చెక్కాలి. గోడ మందం ఎంతో దానికి పన్నెండు రెట్లు దూరం చెక్కాలి. 5 మిల్లీమీటర్ల మందమైతే పగులుకి అటు 6 సెంటీమీటర్లు, ఇటు 6 సెంటీమీటర్లు. మేస్త్రి బొటనవేలు వెడల్పున చెక్కి పొర వేస్తానంటే ఒప్పుకోకండి, ఆ అతుకు పొరలాగే లేచిపోతుంది. చదరపు మీటరుకి 450 గ్రాములుండే మ్యాట్ (గాజునారల పరుపు) ఒక్కో పొర గట్టిపడ్డాక సుమారు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. కాబట్టి ఐదు మిల్లీమీటర్లకి ఐదు పొరలు. చదరపు మీటరుకి ఒక్కో పొర సుమారు 1.1 కిలోల పాలియెస్టర్ రెసిన్ తాగుతుంది. రోలర్‌తో గాలి బుడగలన్నీ బయటికి నెట్టాలి. తెల్లటి మచ్చ మిగిలిందంటే అక్కడ గాలి ఉంది, రేపు అక్కడే నీరు. మర్నాడు పై పొర వేయాల్సి వస్తే ముందు పొరను గరుకు కాగితంతో రుద్దాకే వేయాలి.

కిలో రెసిన్‌కి హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరిచే ద్రావణం) 10 నుంచి 20 మిల్లీలీటర్లు. మే నెల ఎండలో పది చాలు, డిసెంబరు చలిలో ఇరవై దాకా. రెసిన్‌లో కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రావణం) కలపాల్సి ఉంటే ముందు దాన్ని పూర్తిగా కలిపాకే హార్డెనర్ పోయాలి. ఆ రెండు ద్రావణాల్నీ నేరుగా ఒకదానిలో ఒకటి పోయొద్దు, మంటలు లేస్తాయి, పేలుతుంది కూడా. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్ళను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు పెట్టుకోవాలి.

ఇక్కడ నెల్లూరు తీరానికి తగిన కష్టం ఒకటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు మనవే, తుపాన్లు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. తడి ఫైబర్ మీద రెసిన్ పట్టదు. అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపు వేసి ఎండలో వదలండి. మర్నాటికి లోపల నీటి బొట్లు కడితే ఇంకా ఆరలేదు. తొందరకి పొర వేయకుండా బోటును తలకిందులు చేసి, గాలాడేలా టార్పాలిన్ కప్పి, బొట్లు పట్టడం మానేదాకా ఆగండి. పెద్ద పనులు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట విరామంలో పెట్టుకుంటే మంచిది. తుపాను తర్వాత కొనేటప్పుడు మాత్రం చిన్న పనికే సరిపోయే బోటు ఎంచండి.

బోటు ఒక పక్కకి ఒరుగుతోంది, నీళ్ళలో లోతుగా కూర్చుంటోంది

తేలడానికి పెట్టిన పెట్టెల్లో ఫోమ్ నీరు తాగింది. ఆ పెట్టె అడుగున 6 మిల్లీమీటర్ల కన్నం వేయించండి. నీరు కారితే ఆ పెట్టె తెరిచి ఫోమ్ అంతా తీసి, ఆరబెట్టి, కొత్తది నింపాలి. కొందరు చవగ్గా థర్మాకోల్ ముక్కలు పెట్టి పైన ఫైబర్ వేస్తారు. పాలియెస్టర్ రెసిన్ థర్మాకోల్‌ను కరిగించేస్తుంది, కాబట్టి లోపల డొల్ల మిగులుతుంది. థర్మాకోలే వాడాల్సి వస్తే మందపాటి పాలిథిన్‌లో చుట్టి పెట్టాలి.

పులికాట్‌లో తిరిగిన బోటు సముద్రానికి చవగ్గా దొరుకుతుందంటే కూడా ఆలోచించండి. సరస్సుకి పక్క ఎత్తు తక్కువగా, అడుగు బల్లపరుపుగా కట్టించుకుంటారు. మైపాడులో విరిగే అలకి అది ఎదురు నిలబడదు.

ఇంజిన్ మునిగిందా?

10 హెచ్‌పీ డీజిల్ ఇంజిన్ సముద్రపు నీళ్ళలో మునిగితే, వెంటనే మంచినీళ్ళతో కడిగి, నూనె మార్చి, ఇంజెక్టర్ తీసి ఇంజిన్‌ను తిప్పకపోతే మూడు నాలుగు రోజుల్లో రింగులు, బేరింగులు తుప్పు పట్టిపోతాయి. తర్వాత దాన్ని విప్పి, రంగు కొట్టి అమ్మేవాళ్ళున్నారు. ఇవి చూడండి: ఇంజిన్‌ను చల్లబరిచే గాలి రెక్కల మధ్య తెల్లటి ఉప్పు పొడి, బోల్టు తలల మీద కొత్తగా పడిన స్పానర్ గీతలు, నూనె పుల్ల మీద పాలు కలిసిన కాఫీ రంగు నూనె. అనుమానం ఉంటే ఆ నూనె రెండు చుక్కలు వేడి పెనం మీద వేయండి. చిటచిటమంటే నీరుంది. వాల్వ్ మూత తీయించండి, లోపల రాకర్ల మీద తుప్పు గుంటలు కనబడితే క్రాంకు మీద కూడా ఉంటాయి. ఆ ఇంజిన్‌కి ఇనుము ధర కట్టి, కొత్త ఇంజిన్ ఖర్చుతో కలిపే బేరం ఆడండి.

పొగ ఎప్పుడూ చల్లటి ఇంజిన్ మొదలైనప్పటి నుంచీ చూడాలి. మీరు వెళ్ళేసరికే వేడెక్కి ఉంటే ముందే ఆడించి పెట్టారన్నమాట, ఆపి గంట ఆగండి. నల్లపొగ అయితే ఇంజెక్టర్ కానీ ఎయిర్ ఫిల్టర్ కానీ, లేదా ఇంజిన్ శక్తికి మించిన ఫ్యాను (నీళ్ళలో తిరిగే ప్రొపెల్లర్) బిగించారు. ఇవి చవక పనులు. నీలంపొగ అంటే రింగులు అరిగి నూనె కాలుతోంది, బోర్ కిట్ (సిలిండరు, పిస్టన్, రింగులు) ఖర్చు ధరలో తగ్గించమనాలి. గాలితో చల్లబడే ఇంజిన్‌లో తెల్లపొగ పది నిమిషాలైనా తగ్గకపోతే, ముందు డీజిల్ చూడండి: ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలో పట్టి పది నిమిషాలు ఉంచితే నీరు కిందికి దిగుతుంది. నీరు లేదంటే కంప్రెషన్ పడిపోయింది.

ఇంజిన్ పీట బోల్టులు ఎంత బిగించినా వదులవుతున్నాయంటే లోపలి చెక్క కుళ్ళింది. ఒక బోల్టు తీసి కన్నంలో సన్న స్క్రూడ్రైవర్ గుచ్చండి. నల్లటి తడి పొట్టు వస్తే చెక్క మొత్తం మార్చాలి. పెద్ద వాషరు వేసి బిగించడం పరిష్కారం కాదు. షాఫ్టు వణుకుతుంటే ఒడ్డునే చేత్తో తిప్పుతూ పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకోండి. గీత ఒక్క వైపే పడితే షాఫ్టు వంగింది, లేత్ షాపులో సాపు చేయించవచ్చు. చుట్టూ సమానంగా పడినా వణుకుంటే బుష్ అరిగింది, లేదా ఫ్యాను రెక్క విరిగింది.

కాగితాల్లో లోపం

బోటు మీది నంబరు, ఇంజిన్ దిమ్మ మీద చెక్కిన నంబరు రెండూ ధ్రువపత్రంలో రాసిన నంబర్లతో కలవాలి. ఇంజిన్ నంబరు చోట గ్రైండర్ గీతలుంటే అక్కడితో బేరం ఆపండి. రిజిస్ట్రేషన్ వివరాలు రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ బోట్ల రిజిస్టరులో ఉంటాయి. మత్స్యశాఖ కార్యాలయంలో చూపించి, యజమాని పేరు, బ్యాంకు అప్పు ఉందో లేదో అడగండి. సబ్సిడీ బోటైతే అమ్మకానికి షరతులుంటాయి, శాఖ అనుమతి రాతలో తీసుకోండి. తమిళనాడు నుంచి వచ్చిన బోటైతే అక్కడి నిరభ్యంతర పత్రం లేకుండా ఇక్కడ పేరు మారదు.

కాగితంలో కనబడని అప్పు ఇంకొకటి ఉంటుంది. చేప కొనే సావుకారు అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఆ బోటు మీద తనకు హక్కుందంటాడు. ఆ పాలెం పెద్దల ముందు కూర్చుని, బాకీ ఏమీ లేదని అమ్మేవాళ్ళ చేత చెప్పించి, సంతకాలు పెట్టించి, తర్వాతే డబ్బు లెక్కపెట్టండి.

చివరి పరీక్ష నీళ్ళలో

ఒడ్డున అన్నీ బాగున్నాక 50 కిలోల ఇసుక బస్తాలు పది వేసుకుని రెండు గంటలు తిప్పండి. బయల్దేరే ముందు లోపల స్పాంజితో పొడిగా తుడవండి. తిరిగొచ్చాక అల లేని చోట లంగరు వేసి, చిమ్ముల నీరు ఒకసారి తోడేసి, అరగంట కదలకుండా ఉంచండి. ఆ అరగంటలో చేరేది చిమ్ము కాదు, కారుతున్న నీరే. దాన్ని మగ్గుతో కొలిచి, ఆ లెక్క అమ్మేవాళ్ళ ముందే రాయండి. లీటరు లోపైతే అతుకులు, బోల్టుల చోటు చూసి సీలు వేయించుకోవచ్చు. బకెట్ నిండితే మళ్ళీ ఒడ్డుకి లాగి, ముప్పావు టన్ను నీళ్ళ పరీక్ష మొదటినుంచీ చేయాలి.