మేత నిల్వ, మూడో పాఠం: కాటా మీది బరువు, పశువు తిన్న బరువు

ఈసారి పాతర గడ్డి, అంటే గోతిలో గాలి తగలకుండా కప్పి పులియబెట్టే పచ్చిమేత, మొదలుపెడదామనుకున్నాను. రెండో పాఠం తర్వాత, మేత కొరత ఉండే 60 రోజులకి ఎంత నిల్వ కావాలో మీరు వేసిన లెక్కలు చూశాక దాన్ని వచ్చే పాఠానికి జరిపేశాను. చాలామంది ఒకే చోట తడబడ్డారు. అందులో నా తప్పు కూడా ఉంది. రోజువారీ మేత "పశువు బరువులో రెండున్నర శాతం" అని రాశాను గానీ, అది దేని లెక్కో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోయాను.

మళ్ళీ మొదటినుంచి చూద్దాం. 400 కిలోల ఆవుకి రోజుకి 10 కిలోలు అన్నది పొడి పదార్థం లెక్క. మేతలోని నీరంతా తీసేస్తే మిగిలేది పొడి పదార్థం. బాగా ఎండిన గడ్డిలో అది 90 శాతం దాకా ఉంటుంది. పాతర గడ్డిలో 30 నుంచి 35, లేత పచ్చిమేతలో దాదాపు 20. అంటే ఆ 10 కిలోలు అందాలంటే ఎండుగడ్డి 11 కిలోల పైచిలుకు వేయాలి. పాతర గడ్డి అయితే 30 కిలోల చిల్లర, పచ్చిమేత అయితే 50 కిలోలు. పచ్చిమేతని కూడా రోజుకి 10 కిలోలే రాసుకున్నవాళ్ళ ఆవుకి అందేది కావాల్సినదాంట్లో ఐదో వంతు. అది అరుస్తుంటే మొండిదనుకోకండి, దానికి నిజంగానే ఆకలి.

దాణా వేస్తుంటే ఆ మేరకు గడ్డి తగ్గించుకోవచ్చు. 2 కిలోల దాణాలో పొడి పదార్థం 1.8 కిలోలు. మిగతా 8.2 కిలోలకి ఎండుగడ్డి 9 కిలోల పైన సరిపోతుంది. అయితే కొరత రోజుల కోసం లెక్క వేసేటప్పుడు నేను దాణాని లెక్కలోకే తీసుకోను. గడ్డి ఒక్కటే ఉందనుకుని వేస్తాను. దాణా దొరికితే కొంత గడ్డి మిగులుతుంది, అంతే.

రెండో తడబాటు వృథా దగ్గర వచ్చింది. ఒక ఆవుకి 60 రోజులకి 667 కిలోల ఎండుగడ్డి కావాలి, 15 శాతం తొక్కుడులో, తడిలో పోతుంది అన్నాను. మీరు 667కి 15 శాతం కలిపి 767 అని రాశారు. అలా కలపకూడదు. మీరు కొన్నదాంట్లో 15 శాతం పోతుంది, తిన్నదాంట్లో కాదు. కాబట్టి 667ని 0.85తో భాగించాలి, 785 వస్తుంది. తేడా 18 కిలోలు. కాగితం మీద చిన్నదే, కానీ ఒక ఆవుకి అది రోజున్నర మేత. చలికాలం చివర ఆ రోజున్నరే ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

మేకలకి ఇదే లెక్క వేస్తే దెబ్బతింటారు. 30 కిలోల మేకకి మూడున్నర శాతం చొప్పున కిలో పైచిలుకు పొడి పదార్థం, అంటే 1.17 కిలోల ఎండుగడ్డి. కానీ మేక ఆకులు ఏరుకు తిని కాడలు కింద పడేస్తుంది, పడినదాన్ని మళ్ళీ ముట్టుకోదు. వాటికి నేను 30 శాతం వృథా పట్టుకుంటాను. 10 మేకలకి 60 రోజులకి టన్ను గడ్డి కావాలి. నమ్మశక్యంగా లేదంటే మీరే భాగించి చూడండి. కోళ్ళ లెక్క సులువు: గుడ్లు పెట్టే పెద్ద కోడికి రోజుకి 120 గ్రాములు, 20 కోళ్ళకి రెండు నెలలకి 144 కిలోలు. అంతకు మించి మర పట్టిన దాణా నిల్వ చేయకండి. గింజ విరిగాక గాలి తగిలి నూనె చేదెక్కుతుంది, విటమిన్లు తగ్గిపోతాయి.

ఎలుకలు, పైకప్పు, పాత నిల్వ ముందు వాడటం మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. గడ్డిలో చచ్చిన ఎలుక కనిపిస్తే దాని చుట్టూ ఉన్న మేతంతా పారేయండి. కుళ్ళిన కళేబరంలో పుట్టే బొటులిజం విషం గడ్డికి అంటుకుంటుంది, దానికి పశువులు చచ్చిపోతాయి.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే తప్పు దగ్గరికి వస్తాను. అది పైకి ఎండినట్టు కనిపించే గడ్డి.

ఆకు ముందు ఎండుతుంది, కాడ తర్వాత, కణుపు అన్నిటికంటే ఆఖరున. చేత్తో పట్టుకుంటే ఆకు గలగలలాడుతుంది, సరే ఎండిందనుకుని వామి వేసేస్తాం. ఆ తడి కణుపుల్లో దాక్కునే ఉంటుంది. తేమ 15 శాతం లోపు ఉంటే గడ్డి నిలుస్తుంది. 20 దాటితే లోపల సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి, వాటి ఊపిరికి వేడి పుడుతుంది. గట్టిగా అదిమిన వామిలో ఆ వేడికి బయటికి దారి ఉండదు. 65 డిగ్రీలు చేరితే రోజూ కనిపెట్టుకుని ఉండాలి. 80 చేరితే నిప్పు పెట్టకుండానే అంటుకునే స్థితి. తడి గడ్డికి మంట ఎలా వస్తుందని అడిగారు కదా, ఇలాగే.

పైగా తడి గడ్డి తూకంలోనూ మోసం చేస్తుంది. 25 శాతం తేమ ఉన్న 100 కిలోల్లో పొడి పదార్థం 75 కిలోలే. అది 10 శాతానికి ఎండేసరికి కాటా మీద 83 కిలోలు తూగుతుంది. తడిగా ఉండగా తూచి రాసుకున్న నిల్వ అంతా అబద్ధమే.

నేను చేసే పరీక్షలు రెండు. కణుపు దగ్గర గోరుతో గీకుతాను. పొర ఊడొస్తే ఇంకా ఎండాలి. రెండోది ఉప్పు పరీక్ష: పొడి గాజుసీసాలో కత్తిరించిన గడ్డి గుప్పెడు, పొడి ఉప్పు ఒక చెంచా వేసి మూతపెట్టి రెండు నిమిషాలు గట్టిగా ఆడిస్తాను. ఉప్పు గోడలకి అంటుకున్నా గడ్డకట్టినా ఆ గడ్డి వామికి పనికిరాదు. వామి అంచు నుంచి కాకుండా కట్టల మధ్య నుంచి తీసి చూడాలి. పది కట్టలు చూస్తే గానీ నాకు నమ్మకం కుదరదు.

తర్వాత టార్పాలిన్. వానకి భయపడి నాలుగువైపులా బిగించి కట్టేశామని రాసినవాళ్ళున్నారు. దయచేసి విప్పండి. కొత్త వామి మొదటి మూడు, నాలుగు వారాలు చెమట పడుతుంది. ఆ ఆవిరి టార్పాలిన్ లోపలివైపు నీళ్ళై మళ్ళీ గడ్డి మీదే కారుతుంది. పైభాగం మాత్రం వాలుగా కప్పి పక్కలు వదిలేయండి. అడుగున జానెడు ఎత్తున దుంగలు పరచండి, నేల తేమ పైకి ఎక్కదు.

ఒకసారి మా వామి వేడెక్కి లోపలి గడ్డి గోధుమరంగుకి తిరిగింది. కమ్మటి మాడు వాసన వచ్చింది, ఆవులు ఎగబడి తిన్నాయి. అప్పుడు మంచిదే అనుకున్నాను. ఆ వేడికి గడ్డిలోని మాంసకృత్తులు పిండిపదార్థాలతో బిగుసుకుపోతాయి, పశువు కడుపులో విడివడవు. ఇష్టంగా తింటూనే చిక్కిపోతుంది. బూజు పట్టిన గడ్డి, గడ్డకట్టిన చెక్క (నూనెగింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) సంగతి ఇంకా చెడ్డది. పైపొర తీసేసి మిగతాది వేయొద్దు, చూడి పశువుకి అసలు వద్దు, ఈసుకుపోయే (గర్భం పోయే) ప్రమాదం ఉంది. చెక్కలో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పాలలోకి దిగుతుంది. పాలు మరిగించినా అది పోదు.

చలి గురించి రెండు మాటలు. పశువు తట్టుకోగల హద్దు దాటి చలి పెరిగితే, ప్రతి డిగ్రీకి దాదాపు 2 శాతం మేత ఎక్కువ కావాలి. ఒళ్ళు తడిస్తే ఆ హద్దు 15 డిగ్రీల దగ్గరికే వచ్చేస్తుంది. ఆ అదనపు మేత గడ్డిగానే వేయండి. పీచు నెమరుపొట్టలో పులిసేటప్పుడు పుట్టే వేడి పశువుకి దుప్పటిలా ఉంటుంది. దాణా ఒక్కసారిగా పెంచితే కడుపులో ఆమ్లం పెరుగుతుంది. ఏ మార్పైనా వారం, పది రోజులు పట్టాలి.

అభ్యాసం. కష్టమైనదే, కానీ దీన్ని వదిలేస్తే తర్వాతి పాఠం అందదు. ఏడు రోజులు వేసిన మేత తూచండి, మర్నాడు పొద్దున మిగిలింది, తొక్కింది అంతా ఏరి తూచండి. వచ్చిన శాతం మీ కొట్టం వృథా. ఇకపై నా 15 వదిలేసి అదే వాడండి. కొత్త వామి ఉన్నవాళ్ళు నాలుగు వారాలు రోజూ సాయంత్రం నడిమధ్యకి ఇనుప ఊచ గుచ్చి, పావుగంట ఉంచి తీసి ముట్టుకుని చూడండి, తేదీతో రాయండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే వామి మీదికి ఎక్కకండి, తొందరపడి విప్పకండి. గాలి తగిలితే భగ్గుమంటుంది. ముందు అగ్నిమాపక సిబ్బందిని పిలవండి, పశువుల్ని దూరంగా తోలండి.

పాతర గడ్డికి గోతి కొలతలు వేసేటప్పుడు ఈ వృథా శాతం కావాలి. కాగితం దాచిపెట్టుకోండి.