ఎలక్ట్రిక్ కారు ఇంట్లో ఉంటే: సాకెట్టు నుంచి సెల్లారు దాకా తీసుకోవలసిన జాగ్రత్తలు

నార్వే, స్వీడన్ దేశాల లెక్కల ప్రకారం, కార్ల సంఖ్యతో పోల్చి చూస్తే అగ్నిప్రమాదాలు పెట్రోలు, డీజిలు కార్లలోనే ఎక్కువ. అయితే లిథియం బ్యాటరీ ఒకసారి అంటుకుంటే, ఒక సెల్లు వేడి పక్క సెల్లుకు పాకుతూ పోతుంది కాబట్టి, ఆ మంటను ఆర్పడం చాలా కష్టం. అందుకే అసలు మంట పుట్టకుండా చూసుకోవాలి, ఆ పని గోడకున్న సాకెట్టుతోనే మొదలుపెట్టాలి.

కారుతోపాటు ఇచ్చే 3.3 కిలోవాట్ల పోర్టబుల్ ఛార్జరు 230 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతుంది. గీజరైతే నీళ్లు కాగగానే ఆగిపోతుంది, కారు మాత్రం అదే లోడును గంటల తరబడి, తరచుగా అందరూ నిద్రపోయే వేళ తీసుకుంటుంది. అందువల్ల మీటరు నుంచి కారు కోసమే విడిగా ఒక లైను లాగించుకోవాలి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ (మీటరు దూరమైతే అంతకంటే మందమైనది), తగిన ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. పై అంతస్తు నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడదీసి ఛార్జింగు పెట్టడం ఎంతమాత్రం తగదు.

ఛార్జింగు మొదలైన గంటకు ప్లగ్గు మీద చేతి వెనుక వైపు ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి నిలవనంత వేడిగా ఉన్నా, పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, కమురు వాసన వచ్చినా లోపల స్క్రూ వదులైందనో, సాకెట్టు పట్టు తప్పిందనో అర్థం. ఎలక్ట్రీషియన్ దాన్ని మార్చేదాకా అక్కడ ఛార్జింగు పెట్టకూడదు.

తయారీ లోపాన్ని మనం కనిపెట్టలేం. 2021లో అలాంటి బ్యాటరీ లోపం వల్ల షెవర్లే బోల్ట్ ఎలక్ట్రిక్ కార్లను వెనక్కి పిలిపించినప్పుడు, ఛార్జింగును 90 శాతానికి పరిమితం చేయాలని, కారును ఆరుబయట నిలపాలని కంపెనీయే యజమానులకు సూచించింది. అలాంటి రీకాల్ కబురు వస్తే, సర్వీసు తేదీ దాకా వాయిదా వేయకుండా ఆ రోజు నుంచే పాటించండి.

బ్యాటరీ కారు అడుగున ఉంటుంది కనుక, రాయో ఎత్తైన స్పీడ్ బ్రేకరో గట్టిగా తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా సర్వీసు సెంటరులో కారును పైకెత్తించి అడుగు భాగం చూపించాలి. వరద విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. బ్యాటరీకి ఉందని చెప్పే ఐపీ67 అనే నీటి రక్షణ స్థాయికి అర్థం మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకోగలదని మాత్రమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో రోజుల తరబడి నిలిచిన నీటికి ఆ హామీ వర్తించదు. మునిగిన కారును స్టార్ట్ చేయకుండా, ఛార్జింగు పెట్టకుండా, ఇంటికి దూరంగా నిలిపి సర్వీసు సెంటరుకు తెలియజేయాలి.

కారు అడుగు నుంచి పొగ, బుస్సుమనే శబ్దం, టపటపమన్న చప్పుడు వస్తే సామాను కోసం కూడా దగ్గరికి వెళ్లవద్దు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉండవచ్చు. మెయిన్ స్విచ్ కారుకు దూరంగా ఉంటేనే దాన్ని ఆపి, లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా అందరినీ బయటికి పంపి, 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. కాలుతున్నది ఎలక్ట్రిక్ కారని, సెల్లారులో ఉందని మొదటి మాటలోనే చెప్పండి, ఎందుకంటే బ్యాటరీని చల్లార్చడానికి వాళ్లు చాలా ఎక్కువ నీటితో రావలసి ఉంటుంది. ఆరిన తర్వాత కూడా గంటలకో, రోజులకో మళ్లీ రాజుకోవచ్చు గనుక, ఆ బండిని ఇతర వాహనాలకు, గోడలకు కనీసం 15 మీటర్ల దూరంలో ఆరుబయటే ఉంచాలి.