క్రెడిట్ కార్డు బాకీ దావా: నా అనుభవం

తిరుపతిలో బట్టలు కుట్టి బతికే నాకు క్రెడిట్ కార్డు బాకీపై కోర్టు సమన్లు అందినప్పుడు, హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ (నా వాదన వినకుండానే ఇచ్చే తీర్పు) వస్తుందని విని, వెంటనే మండల న్యాయ సేవాధికార కమిటీని ఆశ్రయించాను. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఈ సంగతి మా వీధిలో ఎవరికీ తెలియకపోవడం నన్ను ఎంతో బాధించింది.

జవాబుకు గడువు సాధారణంగా 30 రోజులే కనుక, న్యాయవాది ముందుగా ఖాతా వివరాలు తెప్పించి, అసలు, వడ్డీ, జరిమానాలు విడదీసి అభ్యంతరాలు దాఖలు చేశారు. డిక్రీ వచ్చినా సొమ్ము బాకీ కోసం స్త్రీని అరెస్టు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్, చేతివృత్తి పనిముట్లను జప్తు చేయరాదని 60వ సెక్షన్ చెబుతున్నాయని ఆయన వివరించాకే నాకు నిద్ర పట్టింది.

చివరకు లోక్ అదాలత్‌లో వాయిదాలకు రాజీ కుదిరింది. అక్కడ ఇచ్చే అవార్డుపై, అంటే రాజీ తీర్పుపై, అప్పీలు ఉండదు కాబట్టి, నెలనెలా నిజంగా కట్టగలిగిన మొత్తానికే సంతకం చేశాను.