ఎన్నికల వేళ ఎల్‌జీబీటీ ఓటర్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

ఎన్నికల షెడ్యూలు వచ్చిన రోజే గే, లెస్బియన్, ట్రాన్స్ స్నేహితులం ఉండే మా వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలవుతుంది. ఒకరు వీడియో పెడతారు, అందులో అభ్యర్థి హిజ్రాల చేత దిష్టి తీయించుకుని, ఆశీర్వాదం తీసుకుని, నోట్లు చేతిలో పెడుతుంటాడు. "చూశారా, మనవాడే" అంటారు. కాసేపటికి ఇంకొకరు అదే మనిషి ఏదో సభలో మన మీద వేసిన వెకిలి జోకు పెడతారు. ఇక ఆ రాత్రి ఎవరూ పడుకోరు. నన్నడిగితే రెండు వీడియోలూ పక్కన పెట్టాలి. దిష్టి తీయించుకోవడం మన ఊళ్లలో శుభకార్యాల దగ్గరా జరుగుతుంది. దాన్ని హక్కుల మీద అభిప్రాయం అనుకోకూడదు.

మరి అభ్యర్థి అసలు అభిప్రాయం ఎక్కడ వెతకాలి? చాలామంది ముందు నామినేషన్ అఫిడవిట్ తెరుస్తారు. ఫారం 26లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఉంటాయి. అభిప్రాయాలు ఉండవు. కేసుల భాగం మాత్రం వదలకుండా చదవండి. వేధింపులు, దాడుల కేసులు ఉంటే అక్కడే కనిపిస్తాయి.

సిట్టింగ్ ఎంపీ అయితే సభలో ఎలా ఓటేశాడో చూద్దామనుకుంటాం. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. మన పార్లమెంటులో చాలా బిల్లులు మూజువాణి ఓటుతో, అంటే సభ్యులు నోటితో అవును, కాదు అనడంతోనే తేలిపోతాయి. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేర్లు మిగలవు. డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టమని అడిగితేనే లెక్క వస్తుంది. 2015 డిసెంబరులో కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ మార్చాలని ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా తెచ్చేది) తెచ్చారు. బిల్లును ప్రవేశపెట్టడానికే అనుకూలంగా 24, వ్యతిరేకంగా 71 ఓట్లు పడ్డాయి. ఆయన 2016 మార్చిలో మళ్లీ ప్రయత్నిస్తే 14, 58. అయిదు వందల మందికి పైగా ఉండే సభలో వంద మంది కూడా ఓటు వెయ్యలేదు. కాబట్టి "మా ఎంపీ మనకు వ్యతిరేకంగా ఓటెయ్యలేదు" అని ఎవరైనా చెబితే, ఆ రోజు ఆయన సభలో ఉన్నాడా అని అడగండి.

బిల్లు పేరు చూసి కూడా మోసపోవద్దు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ బిల్లు 2019 ఆగస్టు 5న లోక్‌సభ దాటింది. కశ్మీర్ ప్రత్యేక హోదా రద్దు ప్రకటన వచ్చిన రోజది, ఆ రభసలో దీని గురించి విన్నవాళ్లే తక్కువ. పేరులో హక్కులు ఉన్నా, వీధుల్లోకి వచ్చి దాన్ని వ్యతిరేకించింది ట్రాన్స్ సమాజమే. గుర్తింపు కోసం జిల్లా మేజిస్ట్రేట్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్నారు. ట్రాన్స్ వ్యక్తి మీద లైంగిక దాడి చేస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా శిక్ష అన్నారు. అప్పటికే స్త్రీ మీద అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్లు. రాజ్యసభలో నవంబరు 26న దీన్ని ఇంకా లోతుగా పరిశీలించడానికి ఎంపీల సెలెక్ట్ కమిటీకి పంపాలన్న తీర్మానం 55-74 తేడాతో వీగిపోయింది. "నేను ఆ బిల్లుకు మద్దతిచ్చాను" అని చెప్పుకునే అభ్యర్థి కంటే, కమిటీకి పంపమన్నవాళ్లలో ఉన్నవాడు మన మాట ఎక్కువ విన్నట్టు లెక్క.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. పార్టీ విప్ (ఇలాగే ఓటెయ్యాలన్న ఆదేశం) జారీ చేస్తే సభ్యుడికి సొంత మనసు ఉన్నా లేనట్టే, ధిక్కరిస్తే పదవి పోవచ్చు. ప్రైవేటు మెంబరు బిల్లులకు మామూలుగా విప్ ఉండదు. మనిషి సొంత ఆలోచన అక్కడే కాస్త బయటపడుతుంది. 2015 ఏప్రిల్‌లో డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ తెచ్చిన ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లు రాజ్యసభలో నెగ్గింది అలాంటి బిల్లుగానే.

ఇక మేనిఫెస్టోలు. 2024లో కాంగ్రెస్ విస్తృత సంప్రదింపుల తర్వాత ఎల్‌జీబీటీ జంటల సివిల్ యూనియన్‌కు, అంటే పెళ్లి అనకుండా జంటగా ఇచ్చే చట్టపరమైన గుర్తింపుకు, చట్టం తెస్తామని రాసింది. బీజేపీ ట్రాన్స్‌జెండర్లను ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య పథకంలోకి తెస్తామంది. రెండూ చదవడానికి బాగానే ఉన్నాయి. ఒక్క ఏడాది వెనక్కి వెళ్లండి. 2023లో స్వలింగ వివాహాల కేసు విచారణలో ఉండగా కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్, అస్సాం వద్దన్నాయి. అప్పుడు ఆ మూడు చోట్లా ఉన్నవి వరసగా కాంగ్రెస్, వైసీపీ, బీజేపీ ప్రభుత్వాలు. ఆంధ్రప్రదేశ్ మత పెద్దలను అడిగి మరీ ఆ మాట చెప్పింది. పార్టీ ఢిల్లీలో ఏం రాసిందన్నది ఒకటి, రాష్ట్రంలో కుర్చీలో ఉండగా ఏం చేసిందన్నది ఇంకొకటి. పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ట్రాన్స్ సంక్షేమం గురించి మాట్లాడిన ప్రతివాడూ గే, లెస్బియన్ జంటల గురించి కూడా మాట్లాడతాడని ఆశపడకండి. పింఛను ఇస్తామనడం తేలిక, అందులో దయ చూపించినట్టు ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఇంట్లో బతుకుతుంటే పుట్టింటివాళ్లు పోలీసులను తెచ్చినప్పుడు ఏం చేస్తారని అడగండి, గొంతు మారిపోతుంది.

పోటీ చేసే సీటును బట్టి ప్రశ్న మార్చాలి. ఎంపీ అభ్యర్థిని పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత గురించి అడగొచ్చు. 2024 జులై 1న అది అమల్లోకి వచ్చినప్పుడు 377 పూర్తిగా పోయింది, దాంతో మగవాళ్ల మీద, ట్రాన్స్ వ్యక్తుల మీద బలవంతపు లైంగిక దాడికి ఉన్న సెక్షన్ కూడా పోయింది. ఎమ్మెల్యే అభ్యర్థిని కర్ణాటకలో 2021లో ఇచ్చిన 1 శాతం ఉద్యోగ రిజర్వేషన్ మన దగ్గర ఎందుకు లేదని అడగండి. తెలంగాణలో అయితే ఇంకో ప్రశ్న సిద్ధంగా ఉంది. 2023 జులైలో హైకోర్టు నిజాం కాలపు హిజ్రాల చట్టాన్ని కొట్టేస్తూ ఆసరా పింఛను ట్రాన్స్ వ్యక్తులకూ ఇవ్వమంది. మీ నియోజకవర్గంలో ఎంతమందికి వస్తోంది?

అడిగేటప్పుడు మీ జాగ్రత్త మీది. ఇంట్లో ఇంకా చెప్పుకోనివాళ్లు వీధి సభలో మైకు పట్టుకోవద్దు. అక్కడ ప్రతి చేతిలో ఫోను ఉంటుంది, సాయంత్రానికి మీ ముఖం ఊరంతా తిరుగుతుంది. ఇలాంటి ప్రశ్నను నలుగురి సంతకాలతో లెటర్‌గా ఇవ్వొచ్చు, ఏదైనా సంఘం తరఫున అడిగించొచ్చు. "నా అన్న కొడుకు కోసం అడుగుతున్నా" అన్నా తప్పులేదు. ఫోటోల విషయం మరీ ముఖ్యం. నా స్నేహితుడొకడు ఒక అభ్యర్థితో సెల్ఫీ దిగాడు. రెండు రోజుల తర్వాత అది "సమాజమంతా మా వెంటే" అన్న పోస్టరులో కనిపించింది. వాడి ఆఫీసులో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

క్లిప్పులు ఫార్వర్డ్ చేసేముందు తేదీ చూడండి. స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పిన 2018 సెప్టెంబరు 6 తీర్పుకు ముందు అన్న మాటను నిన్న అన్నట్టు తిప్పుతుంటారు. మనుషులు మారతారు కూడా, మారాడో లేదో అడిగి తెలుసుకోవాలి. తేదీ దొరకని క్లిప్పును, పెదవులు మాటతో కలవని క్లిప్పును అక్కడే ఆపేయండి. ఒక అభ్యర్థిని "వాడూ అదే టైపు" అని ఎగతాళి చేసే పోస్టు వస్తే, అది మీకు నచ్చని పార్టీ మీదైనా సరే, పంచుకోవద్దు. దెబ్బ తగిలేది మనకే.

చివరిగా ఓటరు కార్డు. పేరు, లింగం మార్చుకోవాలంటే ఫారం 8, కొత్తగా చేరాలంటే ఫారం 6. పురుష, స్త్రీ కాకుండా మూడో గడి కూడా ఉంటుంది. నోటిఫికేషన్ దాకా ఆగకండి, సందేహం ఉంటే 1950కి ఫోన్ చేయండి. కార్డు మీద ఫోటో ఇప్పటి మీలా లేకపోతే ఆధార్, పాన్, పాస్‌పోర్టు లాంటి ఇంకో గుర్తింపు వెంట ఉంచుకోండి. బూత్‌లో ఆడ లైనా మగ లైనా అని టెన్షన్ పడేవాళ్లు ముందు రోజే బీఎల్‌ఓను (మీ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారిని) అడిగి పెట్టుకోండి. లేదా పొద్దున్నే, రద్దీ లేనప్పుడు, తెలిసినవాళ్లు ఒకరిని తోడు తీసుకుని వెళ్లండి.