పట్టు లెక్క, 4వ పాఠం: ముందు చక్రాలకి ఎంత టార్క్ పనికొస్తుంది?

పోయిన పాఠంలో ఇంజిన్ టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, గేరు నిష్పత్తితో హెచ్చవేసి చక్రం దాకా తీసుకొచ్చాం. ఇవాళ రోడ్డు దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ వైపు వెనక్కి నడుద్దాం. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు, అంటే ముందు చక్రాలే లాగే కారు, ఎంత టార్క్ తట్టుకుంటుందని అడిగితే ఒకరు 300 న్యూటన్ మీటర్లు అంటారు, ఇంకొకరు 400 అంటారు. ఏ గేరులో అన్నది మాత్రం ఎవరూ అడగరు.

కాగితం తీయండి. మన ఉదాహరణ కారు ఓ హాట్ హ్యాచ్, అంటే జోరైన ఇంజిన్ పెట్టిన చిన్న హ్యాచ్‌బ్యాక్ అనుకుందాం. డ్రైవర్‌తో కలిపి 1,450 కిలోలు. అందులో 62 శాతం, అంటే 900 కిలోలు ముందు చక్రాల మీద. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2.7 మీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు అర మీటరు, చక్రం వ్యాసార్ధం 0.32 మీటర్లు. పొడి రోడ్డు మీద మంచి టైరుకి ఘర్షణ గుణకం (బరువులో ఎన్నో వంతు పట్టుగా మారుతుందో చెప్పే అంకె) 1 వేసుకుందాం.

ఆ 900 కిలోలూ కారు కదలనంతసేపే. వెనక గ్యాస్ సిలిండర్ కట్టుకుని స్కూటర్ మీద ఎత్తు ఎక్కారా ఎప్పుడైనా? హ్యాండిల్ తేలికైపోయి చేతిలో ఊగుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కారుకీ అదే పని, బరువు వెనక్కి జరుగుతుంది. ఎంత జరుగుతుందో కట్టడం సులువు. ఎత్తుని వీల్‌బేస్‌తో భాగిస్తే 0.185. దాన్ని ఘర్షణ గుణకంతో హెచ్చవేసి 1 కలపండి: 1.185. ఇప్పుడు 900ని 1.185తో భాగిస్తే 760 కిలోలు. లాగాల్సిన చక్రాల మీదే, లాగే క్షణంలోనే, 140 కిలోలు పోయాయి. వెనక చక్రాలు లాగే కారుకైతే ఇదే బరువు కలిసొచ్చేది.

760 కిలోలని ఘర్షణ గుణకం 1తో హెచ్చవేస్తే పట్టు, అదీ 760 కిలోలే. దాన్ని 9.81తో హెచ్చవేస్తే సుమారు 7,450 న్యూటన్లు. దాన్ని వ్యాసార్ధం 0.32తో హెచ్చవేస్తే 2,400కి కాస్త తక్కువ. రెండు చక్రాలూ కలిసి రోడ్డుకి దించగలిగే టార్క్ 2,400 న్యూటన్ మీటర్లు అనుకుందాం. ఈ అంకెకి గుండ్రంగా గీత గీసుకోండి, ఏ గేరులోనైనా ఇది మారదు.

ఇప్పుడు గేర్లు. ఫైనల్ డ్రైవ్‌తో (గేర్‌బాక్స్ తర్వాత చక్రాల ముందు ఉండే చివరి గేరు జతతో) కలిపి మొదటి గేరు 15, రెండోది 8.7, మూడోది 6.3 అనుకుందాం. దారిలో పది శాతం నష్టం. మొదటి గేరులో 2,400ని 13.5తో భాగించండి: దాదాపు 180. రెండో గేరులో 305. మూడో గేరులో 420. అదీ సంగతి. 400 న్యూటన్ మీటర్ల ఇంజిన్ మొదటి గేరులో సగానికి పైగా టైరు పొగకే ఖర్చు. మూడో గేరులో మాత్రం అంతా పనికొస్తుంది. చాలా టర్బో కార్లలో కంప్యూటర్ కింది గేర్లలో టార్క్ కోసేది ఇందుకే.

2009 ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్‌లో 440. 2022లో వచ్చిన హోండా సివిక్ టైప్ ఆర్‌లో 420. మన దేశంలో అమ్మిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245లో 370. వేర్వేరు కంపెనీలు, వేర్వేరు ఏళ్లు, అయినా అందరూ మన మూడో గేరు అంకె చుట్టూనే తిరుగుతున్నారు. ఫోర్డ్ అయితే 2016 ఫోకస్ ఆర్‌ఎస్‌ని నాలుగు చక్రాల డ్రైవ్‌కి మార్చేసింది. అయితే 1966లోనే అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో ఏడు లీటర్ల వీ8తో దాదాపు 640 న్యూటన్ మీటర్లు ముందు చక్రాలకే ఇచ్చింది. దాని ముక్కు బరువు తలుచుకుంటే ఆశ్చర్యం కొంచెం తగ్గుతుంది.

ఇదంతా తిన్నని రోడ్డు లెక్క. మలుపులో కథ వేరు. లాగడం, తిప్పడం రెండూ ఒకే జత ఎద్దుల మీద పెట్టాం కదా! తిప్పడానికి పట్టు ఖర్చయ్యాక మిగిలిందే లాగడానికి. పైగా లోపలి చక్రం తేలికైపోతుంది. మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ టార్క్‌ని ఎడమ, కుడి చక్రాలకి పంచే గేర్ల పెట్టె) రెండు వైపులా సమానంగానే టార్క్ ఇస్తుంది, కాబట్టి లోపలి చక్రం ఎంత తక్కువ పట్టగలిగితే బయటి దానికీ అంతే. బయటి చక్రానికి ఎక్కువ పంపాలంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కావాలి.

అది పెట్టగానే ఇంకో తలనొప్పి. ఎడమ, కుడి టార్క్ వేరైతే స్టీరింగ్ ఓ పక్కకి గుంజుతుంది. ఓసారి ట్యూన్ చేసిన స్నేహితుడి డీజిల్ హ్యాచ్‌బ్యాక్ నడిపాను. దానికి లిమిటెడ్ స్లిప్ కూడా లేదు. వాన వెలిశాక రోడ్డుకి ఎడమ అంచు తడి, మధ్య పొడి. రెండో గేరులో టర్బో అందుకోగానే స్టీరింగ్ ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టు తిరిగింది. నిజం చెప్పాలంటే, ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా మూడో గేరు దిగలేదు.

ఆ గుంజుడు బలం, స్టీరింగ్ తిరిగే గీతకీ చక్రం మధ్యకీ ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది. ఆ దూరం తగ్గించడానికే ఫోర్డ్ రెవోనకిల్, హోండా డ్యూయల్ యాక్సిస్ స్ట్రట్ తెచ్చాయి. వీటితో పట్టు పెద్దగా పెరగదు, ఉన్నదాన్ని చేతులు నొప్పెట్టకుండా వాడుకోనిస్తాయి.

ఇంటిపని: ఇదే కారు, తడి రోడ్డు, ఘర్షణ గుణకం 0.6. మూడో గేరులో ఎంత టార్క్ పనికొస్తుంది? 270 దగ్గర రావాలి. 250 దగ్గర వస్తే, 900ని భాగించే చోట 1.185 అలాగే ఉంచేశారేమో, 350 దాటి వస్తే 0.6తో హెచ్చవేయడం మరిచారేమో చూసుకోండి.