కండిషనర్ సీసా వెనకవైపు చదవడం ఎలా?

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఏ దుకాణంలోనైనా కండిషనర్ అడిగితే ఉల్లి, ఆర్గాన్, కెరాటిన్ అని పెద్ద అక్షరాలున్న సీసాలను ముందు పెడతారు. ఆ పేర్లను బట్టి మంచిచెడ్డలు తేల్చుకోలేము కాబట్టి సీసాను తిప్పి, వెనక చిన్న అక్షరాలలో ఉన్న పదార్థాల జాబితాను చదవాలి.

మన దేశంలో 1 శాతం కంటే ఎక్కువగా కలిపిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలనీ, 1 శాతమూ అంతకంటే తక్కువా ఉన్నవాటిని ఆ తరువాత ఏ వరుసలోనైనా రాయవచ్చనీ నిబంధన ఉంది. ఆ 1 శాతం గీత ఎక్కడ పడిందో జాబితాలో కనిపించదు. అయితే సరుకు చెడిపోకుండా కలిపే ఫినాక్సీఇథనాల్‌ను 1 శాతానికి మించి వాడరు కనుక, దాని తరువాత వచ్చేవన్నీ 1 శాతం లోపువేనని తెలుసుకోవచ్చు. మా ఇంట్లో ఉన్న ఉల్లి కండిషనర్‌ను ఇలాగే చూశాను. నీరు, సెటియరిల్ ఆల్కహాల్, బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, గ్లిజరిన్, డైమెథికోన్, ఫినాక్సీఇథనాల్, పరిమళం, ఆ తరువాత ఎక్కడో చివర ఉల్లి సారం. జుట్టుకు పని చేసేవి మొదటి అయిదే.

వాటిలో ముఖ్యమైనది బెహెన్‌ట్రైమోనియం. దెబ్బతిన్న వెంట్రుక ఉపరితలం మీద రుణావేశం ఎక్కువగా ఉంటుంది. ధనావేశం గల ఈ పదార్థం దానికి అతుక్కుని, నీళ్లతో కడిగిన తరువాత కూడా పలుచని పొరగా మిగులుతుంది. చిక్కు సులువుగా విడిపోవడానికి కారణం అదే. సెట్రిమోనియం క్లోరైడ్, స్టియరమిడోప్రొపైల్ డైమిథైలమీన్ కూడా ఈ పనే చేస్తాయి, కాబట్టి రెండు సీసాలను పోల్చేటప్పుడు ముందుగా ఈ మూడింటిలో ఏది ఉందో, ఎన్నో స్థానంలో ఉందో చూడండి. బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్ అన్న పేరు కనబడితే సల్ఫేట్ అని భయపడవద్దు. అది షాంపూలో మురికి వదిలించే సల్ఫేట్ జాతి కాదు. సెటైల్, సెటియరిల్, స్టియరిల్ ఆల్కహాళ్లు కూడా అంతే, అవి జుట్టును ఎండగట్టేవి కావు, క్రీముకు చిక్కదనాన్నీ జుట్టుకు నునుపునూ ఇచ్చే మైనం వంటి పదార్థాలు. ఎండగట్టే గుణం ఉన్నది ఇథనాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాళ్లకు.

డైమెథికోన్ ఒక సిలికోన్, అంటే వెంట్రుక మీద నున్నని పొరగా పరుచుకునే పదార్థం. అది నీటిలో కరగదు కానీ మామూలు షాంపూతో చాలావరకు పోతుంది. సన్నని జుట్టు గలవారికి అది బరువనిపించవచ్చు. రంగు వేసుకున్న, చివర్లు చిట్లిన జుట్టుకు మాత్రం అమోడైమెథికోన్ అనే మరో సిలికోన్ ఉన్న సీసా మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అది దెబ్బతిన్న చోటనే ఎక్కువగా అతుక్కుంటుంది. గ్లిజరిన్ గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి, భీమిలి వైపు నుంచి ఉప్పుగాలి వీచే మన తీరప్రాంతంలో అది జాబితా పైభాగాన ఉంటే కొందరికి జుట్టు పొంగినట్లు అవుతుంది.

ఉద్దానం కొబ్బరి తోటల పక్కన ఉన్నవారికి ఒక మాట చెప్పాలి. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చొచ్చుకుపోయి ప్రోటీన్ నష్టాన్ని తగ్గిస్తుంది. పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ అయితే వెంట్రుక పైననే నిలుస్తుంది. తలస్నానానికి ముందు రాసిన చెంచాడు కొబ్బరినూనె చేసే ఆ పనిని, సీసాలో 1 శాతం లోపున్న కొబ్బరి సారం చేయలేదు.

బోరు నీళ్లలో సబ్బు సరిగా నురగ రాని ఇళ్లలో, అంటే కఠిన జలం ఉన్నచోట, డైసోడియం ఈడీటీఏ అన్న పేరు జాబితాలో ఉండటం మంచిది. అది కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. పరిమళం పడనివారు మోచేయి మడతలో కొద్దిగా రాసి, ఒక రోజు చూసి వాడాలి.

రెండు, మూడు రూపాయల సాచెట్లపై ఈ జాబితా తరచుగా ఉండదు. 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకు దానిని ముద్రించనక్కరలేదన్న మినహాయింపు ఉంది. అందువల్ల సాచెట్ బాగుంటే, అదే రకం పెద్ద సీసాను తిప్పి చదవండి.

చివరగా ధర. 180 మిల్లీలీటర్లు 198 రూపాయలైతే మిల్లీలీటరుకు 1 రూపాయి 10 పైసలు. 340 మిల్లీలీటర్లు 306 రూపాయలైతే 90 పైసలు. రెండింటిలో మొదటి అయిదు పేర్లూ అదే వరుసలో ఉంటే నేను రెండోదే కొంటాను.